ఎవరు మాట్లాడుతున్నారమ్మా అది?

కడియం పక్కన ఒక నర్సరీ. మే నెలాఖరు. మామిడి అంట్ల వరసల మధ్య గ్రీన్ నెట్ కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వాళ్ల కొత్త వెబ్‌సైట్ మొదటి కాపీని నా ఫోన్లో చూపిస్తున్నాను. నర్సరీ పెద్దావిడ కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చారు. "నువ్వు చదువమ్మా, నేను వింటాను" అన్నారు. ఒక్కో పేజీ చదువుకుంటూ వెళ్లాను. ఆర్డరు పెట్టడం పూర్తయ్యాక తెర మీద కనపడే మాట దగ్గరికొచ్చాను. "మీ అభ్యర్థన విజయవంతంగా సమర్పించబడింది."

ఆవిడ చేతిలో ఉన్న కవరు మొక్క కింద పెట్టారు. "ఎవరు మాట్లాడుతున్నారమ్మా అది?" అని అడిగారు.

నిజంగానే అడిగారు. లోపల ఎవరో ఉండి ఆ మాట అన్నారనీ, ఆ మనిషి ఎవరో తెలిస్తే బాగుంటుందనీ ఆవిడ ఉద్దేశం. నా దగ్గర జవాబు లేదు. పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. బట్టల కొట్లకీ, స్కూళ్లకీ, ఒక ఆసుపత్రికీ సైట్లు చేశాను. ప్రతిదానికీ ఏ రంగు వాడాలి, ఏ ఫాంటు వాడాలి, లోగో చుట్టూ ఎంత ఖాళీ వదలాలి అని పాతిక పేజీలు రాసిచ్చేదాన్ని. లోపల మాట్లాడేదెవరో ఒక్కసారి కూడా రాయలేదు.

మా వృత్తిలో దీనికో పద్ధతి ఉంది. డిజైన్ పెర్సోనా అంటారు. పెర్సోనా అంటే లాటిన్‌లో నాటకంలో నటులు పెట్టుకునే ముసుగు. వెబ్ పని చేసేవాళ్లకి ఈ మాట ముందు వేరే అర్థంలో అలవాటైంది. 1999లో అలన్ కూపర్ అనే సాఫ్ట్‌వేర్ డిజైనర్ తన పుస్తకంలో రాశాక యూజర్ పెర్సోనాలు అందరి చేతుల్లోకీ వచ్చాయి. మన సైటుకి వచ్చే మనిషి ఎవరు, వయసెంత, ఏ పని మీద వస్తారు అని ఊహించి ఒక కాగితం మీద రాసుకోవడం అది. డిజైన్ పెర్సోనా దీనికి తిరగేసినది. వచ్చేవాళ్లెవరో సరే, వాళ్లొచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నది ఎవరు? సైటే ఒక మనిషైతే ఎలా నడుస్తుంది, ఎలా పలకరిస్తుంది, కోపమొస్తే ఏం చేస్తుంది?

దీన్ని గట్టిగా వాడి చూపించింది మెయిల్‌చింప్. అట్లాంటాలో 2001లో మొదలైన ఈమెయిల్ కంపెనీ అది. వాళ్ల గుర్తు ఫ్రెడ్డీ అనే చింపాంజీ. అక్కడ డిజైన్ పని చూసుకున్న ఆరన్ వాల్టర్ 2011లో ఈ పద్ధతినంతా వివరంగా రాశారు. సైటు స్వభావానికి దగ్గరగా ఉండే ఒక ముఖం, అయిదారు గుణాలు, ప్రతి గుణం పక్కనా దాటకూడని గీత, మాట్లాడే తీరుకి నమూనా వాక్యాలు, రంగులూ అక్షరాలూ, అన్నీ ఒకటి రెండు పేజీల్లో ఉంటాయి. నాకు ఇందులో బాగా నచ్చింది ఆ దాటకూడని గీత. సరదాగా ఉండాలి, పిల్లచేష్ట కాకూడదు. చనువుగా ఉండాలి, శ్రద్ధ తగ్గకూడదు. గుణం ఒక్కటే రాస్తే ఎవరైనా "స్నేహపూర్వకంగా" అని రాసి చేతులు దులిపేసుకుంటారు. పక్కన గీత గీసినప్పుడే ఆ మనిషి ఆనవాలు తెలుస్తుంది.

ఈ సంగతులన్నీ నాకు ముందే తెలుసు. చదివాను, ఒకటి రెండుసార్లు ఇంగ్లీషు సైట్లకి చేశాను కూడా. తెలుగు సైటుకి చేయాలని మాత్రం ఎందుకో తోచలేదు. తెలుగు అనేసరికి ఇంగ్లీషులో అంతా అయిపోయాక చివర్లో పంపించే అనువాదం పనిలాగే చూశాను. పెద్దావిడ అడిగిన ఆ ఒక్క ప్రశ్నతో ఆ కాపీ మొత్తం పక్కన పెట్టేశాను. వాళ్లబ్బాయిని రెండు రోజులు టైమడిగి, ఆ కుర్చీలోనే నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను.

ఆ రెండు రోజుల్లో చూసినవాటిలో మూడు చెప్తాను.

హైవే మీద కారు ఆపి ఒక జంట వచ్చారు. విశాఖలో అపార్టుమెంటు, నాలుగో అంతస్తు. మల్లె మొక్కలు నాలుగు కావాలన్నారు. ఆవిడ ధర చెప్పలేదు. "బాల్కనీ ఎటు తిరిగుందండి?" అన్నారు. ఉత్తరం అన్నారు వాళ్లు. "ఎదురుగా ఇంకో బిల్డింగు ఉందాండి?" ఉందన్నారు. "మల్లెకి పూట ఎండైనా పడాలండి. మీ దగ్గర ఆకు బాగానే వస్తుంది, పువ్వు రాదు. పువ్వు కోసం కొనుక్కుని ఆకు చూసుకుంటూ కూర్చుంటారు." చివరికి వాళ్లు నీడలో పూసే పీస్ లిల్లీ ఒక్కటి తీసుకెళ్లారు. నాలుగు మొక్కల బేరం ఒకటయింది. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు.

రెండోది, రెండెకరాల్లో మామిడి పెడదామని వచ్చిన ఒక రైతు. ఆవిడ ఒక బంగినపల్లి అంటు ఎత్తి, కాండం మీద జానెడు ఎత్తులో ముడిలా ఉన్న చోట బొటనవేలు పెట్టారు. అక్కడ కాండం కాస్త ఉబ్బి, కిందా పైనా బెరడు రంగు వేరుగా ఉంది. "ఇదిగో అంటు ఇక్కడ కలిసింది. దీని పైనదే మీ బంగినపల్లి. కిందది టెంక మొక్క. కింద నుంచి చిగురొస్తే బలంగా ఉంది కదా అని ఉంచుకోకండి. అది మీ చెట్టు కాదు. ఉంచితే పైదాన్ని మింగేస్తుంది." ఆ రైతు కూడా వంగి, తన వేలు పెట్టి చూసుకున్నారు. నేనూ చూశాను. నలభై ఏళ్ల దగ్గరికొచ్చాను, చిన్నప్పట్నుంచీ మామిడిపళ్లు తింటున్నాను. అంటు ముడి ఎలా ఉంటుందో ముట్టుకుని చూడ్డం అదే మొదటిసారి.

మూడోది, మొక్క చచ్చిపోయిందని కుండీతో సహా తిరిగొచ్చిన ఒక అబ్బాయి. ముఖంలో కోపం. అతనేదో అనబోయేలోపే ఆవిడ కుండీ అందుకుని, "వేరు చూద్దాం రా బాబూ" అని బోర్లించి మట్టి గుల్ల చేశారు. వేర్లు నల్లగా మెత్తబడి, వాసనొస్తున్నాయి. కుండీ అడుగు చూపించారు. చిల్లు లేదు. "నీరు దిగే దారి లేదు చూడు. నీళ్లలోనే కూర్చుంది పాపం." తప్పు నీదనలేదు, మాదనలేదు. కుండీకి చిల్లు పెట్టించి, కొత్త మొక్క సగం ధరకిచ్చి పంపారు.

సాయంత్రం నోటుబుక్కు తిరగేస్తే నాకు ఒక మనిషి కనపడింది. పెద్దావిడే అనను. ఆవిడకి ఇంకా చాలా ఉంది. ఆవిడ ఇల్లు, ఆవిడ నొప్పులు, ఆవిడ పాటలు నా పనికి సంబంధించినవి కావు. ఆవిడ కొనేవాళ్లతో ఉన్నప్పుడు ఎవరైతే ఉంటారో, అంతవరకే నా పెర్సోనా. కాగితం పైన "పెద్దమ్మ" అని రాశాను. నర్సరీలో పనిచేసేవాళ్లంతా ఆవిడని పిలిచేది అలాగే.

దాని కింద గుణాలు రాశాను. అడిగి అమ్ముతుంది, కానీ ఆరా తీయదు. ఖచ్చితంగా చెప్తుంది, కానీ కసురుకోదు. తెలిసిన మనిషి, కానీ పాఠం చెప్పదు. చనువుగా ఉంటుంది, కానీ మీద చెయ్యేసి మాట్లాడదు. నెమ్మది మనిషి, కానీ నస పెట్టదు. చివరిది రాసేటప్పుడు వాళ్లబ్బాయి పక్కనే ఉన్నాడు. "మా అమ్మ నస పెడుతుందక్కా" అన్నాడు. "ఇంట్లో పెడుతుందేమో, ఇక్కడ పెట్టలేదు" అన్నాను.

ఈ పద్ధతిలో ఒక పటం కూడా గీస్తారు. అడ్డంగా ఒక గీత, ఒక చివర ముభావం, ఇంకో చివర చనువు. దాన్ని కోస్తూ నిలువుగా ఇంకోటి, కింద ఒదిగి ఉండడం, పైన పెత్తనం. మన సైటు మనిషి ఎక్కడుందో చుక్క పెట్టాలి. అబ్బాయి పెన్ను తీసుకుని చనువు చివర్లో, బాగా కిందకి పెట్టాడు. కొనేవాళ్లు దేవుళ్లు కదా, ఒదిగే ఉండాలి అన్నాడు. నేను అదే చివర్లో, మధ్య గీతకి కాస్త పైన పెట్టాను. ఒదిగి ఉండే మనిషైతే ఆ విశాఖ వాళ్లకి నాలుగు మల్లెలూ అమ్మేసేది. మీ నర్సరీకి జనం మళ్లీ మళ్లీ వచ్చేది మీ అమ్మగారు వద్దని చెప్పగలరు కాబట్టే అన్నాను. చాలాసేపు వాదించుకున్నాం. చుక్క పైనే ఉంది.

ఇక భాష. ఇక్కడే నాకు కొత్తగా తెలిసొచ్చింది, దీని గురించే ఈ పోస్టు రాయాలనిపించింది. ఇంగ్లీషులో సైటుకి స్వభావం ఇవ్వకుండా దాటేయొచ్చు. సబ్మిటెడ్, డన్, సేవ్‌డ్ అని ఒక్కో మాట పెట్టేస్తే ఎవరన్నారో ఎవరితో అన్నారో చెప్పక్కర్లేదు. తెలుగులో ఆ వీలు లేదు. క్రియ చివర్లోనే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, వాళ్ల మధ్య ఎంత దూరముందో వచ్చేస్తుంది. పంపు, పంపండి, పంపగలరు, పంపవలెను. నాలుగూ ఒకే పని, కానీ నలుగురు మనుషులు. పెర్సోనా రాసుకున్నా రాసుకోకపోయినా, తెలుగులో మొదటి బటన్ పెట్టగానే ఒక మనిషిని ఎంచుకున్నట్టే. "సమర్పించబడింది" అని పెడితే ఏ ఊళ్లోనూ లేని మనిషిని ఎంచుకున్నట్టు. నోటితో మాట్లాడేటప్పుడు మనమెవరం అలా అనం. అన్నం వండబడింది, రండి తినండి అని పిలిచే ఇల్లు నేనైతే చూడలేదు.

అందుకని కాగితం మీద మొదటి నియమం "బడింది" వద్దు. రెండోది "విజయవంతంగా" వద్దు. మొక్క కొనుక్కోవడం విజయం కాదు. ఆ తెర మీద ఇప్పుడు ఇలా ఉంది: "మీ ఆర్డరు అందిందండి. మొక్కలు రేపు పొద్దున్న కట్టి, సాయంత్రం కార్గోలో వేస్తాం."

తెలుగులో ఉన్న ఒక గొప్ప సదుపాయం మేము, మనం. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట. మనకి ఎదుటి మనిషిని కలుపుకుని అనేది వేరు, కలుపుకోకుండా అనేది వేరు. పెద్దావిడ మాటలు మళ్లీ చూసుకుంటే దీన్ని ఎంత జాగ్రత్తగా వాడతారో తెలిసింది. తప్పు, బాధ్యత, డబ్బు ఉన్నచోట మేము. "మేం కట్టడంలో కొమ్మ విరిగింది." మొక్క గురించి ఆలోచించాల్సిన చోట మనం. "వేరు చూద్దాం." ఇది కాగితం మీదకి నియమంగా ఎక్కింది. తప్పు చెప్పేటప్పుడు మనం అనకూడదు, ఎందుకంటే కొన్నవాళ్లని మన తప్పులోకి లాగినట్టు అవుతుంది. మొక్కకి జబ్బు చేసినప్పుడు మేము అనకూడదు, ఎందుకంటే వాళ్లని ఒంటరిగా బయట నిలబెట్టినట్టు అవుతుంది. ఈ రెండు వాక్యాలు రాసుకున్న రోజు నాకు చాలా సంతోషమేసింది. ఏ ఇంగ్లీషు నమూనాలోనూ నాకు దొరకని సంగతి ఇది, మన వ్యాకరణమే ఇచ్చింది.

పిలుపుల దగ్గర మాత్రం చిక్కొచ్చింది. ఎదురుగా మనిషి ఉంటే ఆవిడ వయసు చూసి అమ్మా, బాబూ, గారూ అని మారుస్తారు. సైటుకి ఆ కళ్లు లేవు. అరవై ఏళ్ల మనిషిని బాబూ అంటే తప్పు. వరస కలిపే మాటలన్నీ తీసేసి, అందరికీ మీరు, చివర్లో అవసరమైన చోట ఒక అండి మాత్రం ఉంచాను. ఇక్కడా భాష కాస్త ఆదుకుంది. "మీరు అడిగారు" అంటే అడిగింది ఆడో మగో చెప్పక్కర్లేదు. "పంపాను" అన్నా అంతే. హిందీలో అయితే పంపేదెవరో ఆడగానో మగగానో తేల్చుకోకుండా "పంపుతాను" అని ఒక్క వాక్యం రాయలేం.

ఆయ్ సంగతి చెప్పాలి. గోదావరి జిల్లాల్లో ఔనండి అనడానికి ఆయ్ అంటాం. నేనూ ఆ ప్రాంతం పిల్లనే. పెద్దావిడ ఫోనెత్తితే అయిదు నిమిషాల్లో ఇరవై ఆయ్‌లు వినపడతాయి. అది సైట్లో పెట్టాలని అబ్బాయికి ఉంది, నాకూ మనసు లాగింది. బటన్ మీద "ఆయ్" అని పెడితే ఎంత ముద్దుగా ఉంటుంది! రెండు రోజులు పెట్టి చూసి తీసేశాను. నోటి నుంచి వచ్చినప్పుడు ఆయ్ మర్యాద. బటన్ మీద అచ్చేసి ఉంటే సినిమాల్లో నవ్వించడానికి పెట్టే గోదావరి యాస గుర్తొస్తుంది. మా వాళ్ల మర్యాదని చూసి నవ్వుకోమని నేనే అందించినట్టవుతుంది. యాస మాటల్లో కాదు, మాటల వరసలో ఉంటే చాలనుకున్నాను. ముందు అడగడం, తర్వాత చెప్పడం, చివర అండి. ఆదిలాబాద్ వాళ్లు చదివినా, అనంతపురం వాళ్లు చదివినా పెద్దమనిషి మాటలాగే ఉంటుంది.

కార్ట్ అన్న మాటకి బుట్ట అని పెట్టమన్నారు కొందరు. నర్సరీలో ఎవరూ బుట్ట పట్టుకుని తిరగరు. వాళ్లు మొక్కలు ఒక పక్కకి తీసి పెడతారు. అందుకని "పక్కన పెట్టినవి" అని రాశాను. డబ్బు కట్టే పేజీకి "లెక్క చూద్దాం". పేకింగు, కవరు, కోకోపీట్, ఆర్డరు ఇవన్నీ ఆవిడ నోట్లో ఉన్నవే కాబట్టి అలాగే ఉంచేశాను.

రంగులూ అక్షరాల గురించి ఎక్కువ చెప్పను. ఎర్రమట్టి రంగు, పాలిథీన్ కవర్ల నలుపు, నెట్ కింద పడే ఆకుపచ్చ వెలుగు, అంతే. అక్షరాల్లో మాత్రం ఒక తప్పు చేశాను. మొదట్లో హెడ్డింగులకి బాలూ తమ్ముడు ఫాంటు పెట్టాను. గుండ్రంగా, బొద్దుగా, హుషారుగా ఉంటుంది, నాకు చాలా ఇష్టం. కాగితం పక్కన పెట్టుకుని చూస్తే పెద్దమ్మ మాటలు ఒక కుర్రాడి గొంతులో వినపడ్డాయి. తీసేసి మండలి పెట్టాను. నిదానంగా ఉంటుంది, ఒత్తులు స్పష్టంగా కనపడతాయి. ఇంగ్లీషుకి సరిపోయే వరసల ఎడం తెలుగుకి చాలదు, పై వరస ఒత్తూ కింది వరస గుడీ ఒకదానికొకటి తగులుకుంటాయి. ఎడం అక్షరాల సైజుకి 1.7 రెట్లకి పెంచాక పేజీ మాట్లాడే వేగం తగ్గినట్టు అనిపించింది, పెద్దమ్మకి అది నప్పింది. ఫోటోలన్నిటిలో మొక్క పక్కన ఒక చెయ్యి ఉంటుంది. పొడవు ఇన్ని అంగుళాలు అని రాసేకంటే మోచెయ్యంత మొక్క అని చూపిస్తే మనసుకి ఎక్కుతుంది.

జూన్ రెండో వారంలో సైటు తెరిచాం. తొలకరి, మొక్కలు నాటే కాలం, ఆర్డర్లు బాగా వచ్చాయి. నాలుగో రోజు రాత్రి ఒకాయన ఫోను. డబ్బు రెండుసార్లు కట్ అయింది, ఒక్కోసారి 2,340 రూపాయలు. లోపం నేను రాసిన పేజీలోనే ఉంది. పెర్సోనా కాగితం రాయకముందు, మొదటి కాపీలో, డబ్బు కట్టడం ఆగిపోతే వచ్చే తెరకి ఒక చమత్కారం రాశాను. "అయ్యో! మొక్కకి నీళ్లందలేదు. ఇంకోసారి పోయండి!" అని. మిగతా పేజీలన్నీ మార్చాను, ఇది ఎప్పుడో గాని రాదు కదా అని వదిలేశాను. బ్యాంకు నుంచి జవాబు ఆలస్యమై ఆ తెర వచ్చింది. ఇంకోసారి పోయమంది కదా అని ఆయన ఇంకోసారి నొక్కారు.

ఫోను పెద్దావిడ తీసుకున్నారు. నేను కాన్ఫరెన్సులో వింటున్నాను. ఆయన అరుస్తున్నారు. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు, ఆగాక చెప్పారు. "మీ డబ్బు ఎక్కడికీ పోలేదండి. రెండుసార్లు వచ్చింది, నేను చూశాను. ఒకటి రేపు పొద్దున్నే వెనక్కి పంపించేస్తాం. తప్పు మాదే. మొక్కలు బుధవారం బయల్దేరతాయి." అంతే. క్షమించండి అని నాలుగుసార్లు అనలేదు, కారణాలు చెప్పలేదు. ముందు డబ్బు ఎక్కడుంది, తర్వాత ఏం చేస్తాం, ఎప్పుడు చేస్తాం. ఆయన గొంతు దిగింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనిషి సొమ్ము కనపడకుండా పోయిన క్షణంలో నా చమత్కారం వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది. మెయిల్‌చింప్ వాళ్లు ఫ్రెడ్డీకి జోకులిచ్చారు గానీ, ఎర్రర్లు చెప్పే పని ఇవ్వలేదు. ఆ కోతి మాటలు అసలే వద్దనుకునేవాళ్లు ఆపేసుకునే ఏర్పాటు కూడా పెట్టారు. ఆఫీస్ 97లో మైక్రోసాఫ్ట్ పెట్టిన పేపర్ క్లిప్ బొమ్మకి ఈ వివేకం లేదు. ఎవరేం పనిలో ఉన్నా అదే నవ్వుతో ఊడిపడేది. 2001కల్లా దాన్ని డిఫాల్టుగా ఆపేశారు, 2007 ఆఫీసులో పూర్తిగా తీసేశారు. ఇవన్నీ నాకు తెలిసి కూడా ఆ ఒక్క తెర వదిలేశాను. స్వభావం ఒకటే, గొంతు సందర్భాన్ని బట్టి మారాలి. పెళ్లిలో నవ్వే పెద్దమ్మే పరామర్శకి వెళ్తే మెల్లగా మాట్లాడుతుంది, అయినా అదే పెద్దమ్మ.

మర్నాడు కాగితానికి రెండో పేజీ కలిపాను. మంచి జరిగినప్పటి మాటలకంటే చెడు జరిగినప్పటి మాటలు ముందు రాయాలని ఆ పేజీ పైనే ఉంది. డబ్బు ఆగిపోవడం, మొక్క దారిలో వాడిపోవడం, కొమ్మ విరగడం, అడిగిన మొక్క అయిపోవడం, కార్గో ఆలస్యం. ఒక్కోదానికీ ఆవిడనే అడిగి, ఆవిడ నోటితో వచ్చిన వరసలోనే రాసుకున్నాను. డబ్బు తెర మీద ఇప్పుడు ఇలా ఉంది: "బ్యాంకు నుంచి జవాబు ఇంకా రాలేదండి. దయచేసి మళ్లీ నొక్కకండి. మీ డబ్బు కట్ అయితే ఆర్డరు ఖాయం, కాకపోతే మేమే ఫోన్ చేస్తాం." బటన్ కూడా పని చేయకుండా ఆపేశాం. మాట ఒక్కటి మారిస్తే చాలదు.

అబ్బాయితో ఇంకో గొడవ జులైలో. అమ్మకాలు కాస్త తగ్గాయి. ఎవరో సలహా ఇచ్చారని టైమర్ పెట్టమన్నాడు. "ఈ ధర ఇంకా 9 నిమిషాలే" అని ఎర్రగా తిరిగేది. దాంతో పాటు ఒక డబ్బా ఎగిరొచ్చి ఆఫర్ కావాలా అని అడుగుతుంది. వద్దనాలంటే "వద్దు, నాకు మొక్కలంటే ఇష్టం లేదు" అన్న బటన్ నొక్కాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో డార్క్ పాటర్న్‌ల మీద, అంటే కొనేవాళ్లని మాయచేసే డిజైన్ ఎత్తుల మీద, మార్గదర్శకాలిచ్చింది. పదమూడు రకాలు పేరుపేరునా నిషేధించింది. వాటిలో ఒకటి, లేని తొందర పుట్టించడం. ఇంకొకటి, వద్దన్నవాళ్లని సిగ్గుపడేలా చేయడం. అబ్బాయి అడిగినవి రెండూ అవే. చట్టం సంగతి చెప్పాను. అందరూ పెడుతున్నారు కదక్కా అన్నాడు. అప్పుడు గోడ మీద కాగితం చూపించి, "మీ అమ్మ గడియారం చూపించి మొక్క అమ్ముతుందా?" అని అడిగాను. ఇంకేం మాట్లాడలేదు.

అప్పట్నుంచీ అదే మా కొలబద్ద. హైదరాబాద్‌లో కోడ్ రాసే అబ్బాయి పెద్దావిడని ఒక్కసారి కూడా చూడలేదు. అయినా ఏదైనా కొత్త తెర పంపేటప్పుడు కింద రాస్తాడు, "పెద్దమ్మ ఇలా అంటుందాండి?" అని. సగంసార్లు అతను పట్టుకున్న తప్పే నిజం. టైమర్ బదులు ఒక పని చేశాం. మల్లె లాంటివి ఎవరైనా పక్కన పెట్టగానే ఒక ప్రశ్న అడుగుతుంది: "ఎండ ఎంతసేపు పడుతుందండి?" పూట కంటే తక్కువ అని నొక్కితే, ఆకులే వస్తాయి పువ్వు రాదని చెప్పి, నీడలో పూసేవి చూపిస్తుంది. కావాలనుకుంటే మల్లే కొనుక్కోవచ్చు, ఆపదు. మొక్క చేరిన రోజు వాట్సాప్‌లో ఒక మాట వెళ్తుంది: "ప్రయాణం చేసొచ్చింది, నాలుగు రోజులు నీడలో ఉంచండి. అప్పుడే కుండీ మార్చొద్దు. ఆకు రాలితే కంగారు పడకండి." పదిహేనో రోజు ఇంకొకటి. అంతే, మూడోది పంపదు. నస పెట్టదని రాసుకున్నాం కదా.

మొన్న ఆగస్టులో మళ్లీ వెళ్లాను. ఈసారి కళ్లజోడు ఉంది, అయినా చదివించుకునే విన్నారు. మామిడి అంటు పేజీ చదివాను. ఫోటోలో ఆవిడ బొటనవేలు ముడి మీద ఉంది. కింద నేను రాసింది: "ముడి కింద నుంచి వచ్చే చిగురు మీ చెట్టు కాదు. కనపడగానే కత్తిరించేయండి."

"కత్తిరించడమేంటి?" అన్నారు. "లేత చిగురుకి కత్తెరెందుకమ్మా? మొద్దు మిగిలిపోతుంది, మళ్లీ అక్కడి నుంచే వస్తుంది. చిగురు మొదలు దగ్గరే గోటితో గిల్లేయాలి." లేచి, వరసలోంచి ఒక మొక్క తీసి, ముడి కింద అప్పుడే తొంగి చూస్తున్న ఎర్రటి చిగురుని బెరడు దాకా గోరు పెట్టి గిల్లి చూపించారు. పాలు ఒక చుక్క వచ్చి ఆగింది.

అక్కడే కూర్చుని ఫోన్లో మార్చాను. "కనపడగానే గోటితో గిల్లేయండి." మళ్లీ చదవమన్నారు, చదివాను.

"ఆయ్" అన్నారు.